టెన్షన్‌తో నరాల కణాలు చచ్చిపోతాయా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పనిలో టెన్షన్ ఎక్కువ. స్ట్రెస్ వల్ల జెఎన్‌కె అనే సిగ్నల్ ఆన్ అయి నరాల కణాలు వాటంతటవే చనిపోతాయని చదివాను. అది ఆగడానికి మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడొచ్చా డాక్టర్ గారూ? ఆరు నెలలుగా కుడి చేతిలో పట్టు తగ్గింది, కండ అదురుతోంది. నరాల బలానికి బి విటమిన్ మాత్రలు నేనే కొనుక్కుని వేసుకుంటున్నా.

డాక్టర్ సలహా: చేతి సంగతి చివర్లో ఒక్క ముక్కలో రాసేశారు, నాకు కంగారుగా ఉన్నది అదే. చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళం తిప్పడం కష్టంగా ఉందా? రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడినట్టు ఉందేమో. మెడ దగ్గర నరం నొక్కుకున్నా ఇలా అవుతుంది, మోటార్ న్యూరాన్ జబ్బు (కండల్ని కదిలించే నరాల కణాలు మెల్లగా చనిపోయే జబ్బు) కూడా కొందరిలో ఇలాగే మొదలవుతుంది, మిమ్మల్ని పరీక్ష చేయకుండా ఏదో నేను చెప్పలేను. ఆరు నెలలు ఆగారు, ఇక వద్దండీ, ఈ వారమే న్యూరాలజిస్ట్‌ని కలవండి. నరాలు, కండలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు, మెడకి ఎంఆర్‌ఐ, ఏది అవసరమో వాళ్లు రాస్తారు. మింగడం కష్టమైనా, పడుకుంటే ఆయాసం వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

కణానికి స్ట్రెస్ అంటే మీ పని టెన్షన్ కాదు. ఆక్సిజన్ అందకపోవడం, సరిగ్గా మడతపడని ప్రోటీన్లు లోపల పేరుకుపోవడం లాంటివి. అప్పుడు జెఎన్‌కె, పి38 ఎంజైములు పనిలోకి దిగుతాయి, కాసేపైతే కణం కోలుకుంటుంది, అదే పనిగా నడిస్తే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొచ్చి కాస్పేజ్ ఎంజైములు కణాన్ని లోపల్నుంచే కోసేస్తాయి. ఇదే అపాప్టోసిస్.

మినోసైక్లిన్ ఈ దారిని అడ్డుకుంటుందని ఎలుకల్లో కనిపించింది, నిజమే. కానీ 412 మంది ఏఎల్‌ఎస్ (మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఒకటి) పేషెంట్లకి ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే మందు వేసుకున్నవాళ్లకే జబ్బు తొందరగా ముదిరింది, 2007లో వచ్చాయి ఆ ఫలితాలు. జెఎన్‌కె దారిని ఆపే ఇంకో మందు పార్కిన్సన్స్‌లో పనిచేయక ఆ ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. చదివింది చూసి మీరే మందు మొదలుపెట్టొద్దని అందుకే ఇంతగా చెప్తున్నా.

ఆ బి విటమిన్ మాత్రలూ అంతే. బి6 ఎక్కువ డోసులో నెలల తరబడి వాడితే అదే నరాల్ని పాడుచేసి కాళ్లు తిమ్మిర్లెక్కిస్తుంది. ప్రస్తుతానికి ఆపేయండి, ఖాళీ స్ట్రిప్పు మాత్రం పారేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అందులో ఎన్ని మిల్లీగ్రాములుందో చూస్తారు.