గ్యారేజీలో ప్రొపేన్ హీటర్ పెడితే గంటకి లీటరు నీళ్ళు పోసుకున్నట్టే

ప్రశ్న: డల్లాస్ నుంచి డెట్రాయిట్ దగ్గరికి మారాం. రెండు కార్ల గ్యారేజీలో తీరిక దొరికినప్పుడు చెక్కపని చేసుకుంటాను. ఈ చలికాలానికి పోర్టబుల్ ప్రొపేన్ హీటర్ కొందామనుకుంటున్నాను. ఎన్ని బీటీయూలది సరిపోతుంది?

ముందు మీరడిగిన అంకె చెప్పేస్తాను (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క). 24 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఉన్న గ్యారేజీ, బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్, లోపల 60 కావాలి, గోడలకి తలుపుకి ఇన్సులేషన్ లేదు అనుకుంటే గంటకి సుమారు 30,000 బీటీయూలు పడుతుంది. అలాంటిదే నేనూ కొన్నాను. ఇప్పుడు అది మా ఇంట్లో లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఇంత పొద్దుపోయాక కూర్చుని రాస్తున్నాను.

మాది కోనసీమ. నాన్న వడ్రంగి. ఆయన పోయాక ఆయన ఉలులు ఏడు, ఒక చిత్రిక, ఒక చేతి బరమా సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాను. ఇక్కడ డెట్రాయిట్ దగ్గర నోవైలో ఇది నాకు పదకొండో చలికాలం. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి శనివారం గ్యారేజీలో చెక్క మీద చిత్రిక పడుతుంటే ఆ పొట్టు వాసనకి ప్రాణం లేచివస్తుంది. మీకు విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను, మీరూ ఆ బాపతే కదా. మా చుట్టాలు మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ "ఆ చలిలో ఆ తంటాలు దేనికిరా, కొనుక్కుంటే పోదా" అంటారు. కొనుక్కునే వస్తువు వేరు, చేసుకునే వస్తువు వేరు. ఆ సంగతి ఫోన్లో చెప్తే అర్థం కాదు, నేనూ చెప్పడం మానేశాను.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి మా అమ్మాయి చేత బొమ్మల కొలువు పెట్టిద్దామని మా ఆవిడ అనుకుంది. అమ్మమ్మ పంపిన ఏటికొప్పాక బొమ్మలు, కొండపల్లి దశావతారాలు అట్టపెట్టెల్లో ఏళ్ళ తరబడి పడున్నాయి. అట్టపెట్టెల మీద చీర కప్పి మెట్లు చేయడం నాకు నచ్చలేదు. అయిదు మెట్లు, విప్పి మడిచి పెట్టుకునేలా, పాప్లర్ చెక్కతో చేస్తానన్నాను. డిసెంబరు ఆఖరి వారంలో మొదలుపెట్టాను. కోత వరకూ కోటు వేసుకుని లాక్కొచ్చాను కానీ జిగురు దగ్గర ఆగిపోయింది. నేను వాడే చెక్క జిగురు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే పట్టదు, తెల్లగా సుద్దలా మారిపోతుంది. గ్యారేజీలో 28 ఉంది. అలా ఓ పెద్ద దుకాణానికి వెళ్ళి ఫిరంగి గొట్టంలా ఉండే ఫ్యాన్ హీటర్ తెచ్చాను. మంట వెనక ఫ్యాను, దానికో 20 పౌండ్ల సిలిండర్.

సిలిండర్ సంగతి ఇక్కడే చెప్పాలి, నాకు ఇప్పటికీ మంటగా ఉంది. పేరుకి 20 పౌండ్లది, ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చోట అందులో నింపేది చాలావరకు 15 పౌండ్లే. సిలిండర్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనం చూడం. పౌండు ప్రొపేన్‌కి సుమారు 21,500 బీటీయూలు. అంటే 30,000 బీటీయూల హీటర్‌కి అది పదకొండు గంటలకి కాస్త తక్కువొస్తుంది. రెండు శనివారాలు. అదే మా వీధి చివర గ్యాస్ పోసేచోట మన సిలిండర్‌ని తూచి నింపుతారు, పౌండు లెక్కన చవక కూడా.

సరే, ఆ రాత్రి. భోగికి మూడు రోజులుంది. బయట ఈదురుగాలి, మంచు అడ్డంగా కొడుతోంది. హీటర్ పుస్తకంలో తలుపు కొంచెం ఎత్తి పెట్టుకోమని స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా. ఎత్తితే కాళ్ళ కిందుగా మంచు లోపలికొస్తోందని దించేశాను. ఏడింటికి మొదలుపెట్టాను. అరగంటలో వెచ్చబడింది, కోటు తీసేశాను, చాలా సంతోషమనిపించింది. తొమ్మిదయ్యేసరికి కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. కణతల దగ్గర నొప్పి మొదలైంది. సాయంత్రం కాఫీ తాగలేదు కదా, అందుకేననుకున్నాను. జిగురు రాశాక చెయ్యి ఆపడానికి ఉండదు, పావుగంటలోపు అన్నీ బిగించేయాలి. క్లాంపులు బిగిస్తున్నాను, ఒక స్క్రూ రెండుసార్లు తప్పు వైపు తిప్పాను. నా చేతులు అలాంటి తప్పు చేయవు. అప్పుడైనా తెలియాల్సింది.

తెలిసింది నాకు కాదు, లోపల గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారానికి. కూత వినబడి మా ఆవిడ తలుపు తీసి "ఏమండీ, ముందు బయటికి రండి" అని అరిచింది. మా అమ్మాయి పడుకునే గది సరిగ్గా గ్యారేజీ మీద ఉంటుంది. నేను సిలిండర్ కట్టేసి పెద్ద తలుపు ఎత్తేలోపు తను పైకి పరుగెత్తి పిల్లని దుప్పటితో సహా ఎత్తుకొచ్చేసింది. మంచులో కారులో కూర్చుని 911కి ఫోన్ చేశాం. వాళ్ళొచ్చి మీటర్ పెడితే, తలుపులన్నీ తీసి పావుగంట దాటినా మెట్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ ఇంకా 40 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 40) చూపించింది. పిల్లకి ఏమీ కాలేదు. నాకు మర్నాడంతా తలనొప్పి. ఆ రాత్రి నేనూ మా ఆవిడా ఆ పిల్ల మంచం పక్కనే నేల మీద కూర్చుని తెల్లవార్లూ చూస్తూనే ఉన్నాం.

కారణం తర్వాత అర్థమైంది. మూసిన గదిలో అదే గాలిని మళ్ళీ మళ్ళీ పీల్చుకుని మంటకి ఆక్సిజన్ తగ్గిపోయింది. పైగా నా రంపపు పొట్టు ఫ్యానులోకి వెళ్ళి బర్నర్ దగ్గర పేరుకుంది. శుభ్రంగా మండే ప్రొపేన్ నుంచి వచ్చేది బొగ్గుపులుసు గ్యాసు, నీటి ఆవిరి. గాలి చాలనప్పుడే కార్బన్ మోనాక్సైడ్ మొదలవుతుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే ముక్కుకి తెలియాలని వాసన మందు కలుపుతారు, దీనికి అదీ లేదు.

ఇది నాకు తెలియని విషయమా అంటే కాదు, మా నానమ్మ నేర్పిందే. మా ఇంట్లో బాలింత గదిలో కుంపటి పెడితే ఆ గది గడియ వేయనిచ్చేది కాదు. "నిప్పు కూడా మనలాగే ఊపిరి పీల్చుకుంటుందిరా, తలుపు ఓరగా ఉంచు" అనేది. మెరుస్తున్న పెట్టెలో నీలం మంట కనబడేసరికి అది కుంపటేనన్న సంగతి నాకు తట్టలేదు.

కొందరు చెప్తారు, మా హీటర్‌లో ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే సెన్సర్ ఉంది కదా అని. చిన్న రేడియంట్ హీటర్లలో (సెగతో ఎదుటివాళ్ళని వెచ్చచేసేవి) ఉంటుంది నిజమే, గాలిలో ఆక్సిజన్ మామూలు 21 శాతం నుంచి సుమారు 18కి పడితే ఆపేస్తుంది. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని కొలవదు. నా ఫిరంగిలో అది కూడా లేదు. అలారం కూడా అంతే: మామూలు ఇంటి అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు ఎప్పుడైనా మోగొచ్చు, నాలుగో గంట దాకా మోగకపోయినా అది ప్రమాణానికి లోబడి ఉన్నట్టే. అది మోగలేదంటే గాలి బాగుందని కాదు. అంకె చూపించేది, 10 దగ్గర నుంచీ చెప్పేది విడిగా దొరుకుతుంది. మీరు హీటర్ కొన్నా మానినా ముందు అది కొనండి.

మీరు అడగని నీళ్ళ సంగతి ఇప్పుడు చెప్తాను. నా అసలు బాధ ఇదే, ఇంటర్నెట్‌లో ఎవ్వరూ చెప్పరు. ఎన్ని నిమిషాల్లో ఎంత వేడెక్కిందో చూపించే వీడియోలు ఎన్నో ఉన్నాయి. మర్నాడు ఉదయం ఆ గ్యారేజీలోకి వెళ్ళి చూపించిన వీడియో ఒక్కటి నాకు కనబడలేదు.

కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నర పైగా నీళ్ళు పుడతాయి. రసాయన లెక్క అది, ఏ కంపెనీ హీటరైనా మారదు. 30,000 బీటీయూల మీద నడిపితే గంటకి లీటరు. నేను ఆ రాత్రి దాదాపు మూడు గంటలు నడిపాను, అంటే గ్యారేజీలో మూడు లీటర్ల నీళ్ళు ఆవిరి చేసి వదిలానన్నమాట. పొగగొట్టం లేని హీటర్ కాబట్టి అదంతా గదిలోనే ఉంటుంది. గాలి వేడెక్కుతుంది కానీ టేబుల్ సా (బల్లకి అమర్చిన కరెంటు రంపం) మీది పోత ఇనుప పలక అంత త్వరగా వేడెక్కదు. వేసవిలో కుండలో నీళ్ళు ముంచిన స్టీలు చెంబుకి చెమట పట్టినట్టు దానికీ పడుతుంది.

మర్నాడు ఉదయం లైటు వేస్తే పలక నిండా ఇటుకపొడి చల్లినట్టు తుప్పు. అదైనా రుద్దుకుంటే పోతుంది, పోయింది. పక్కనే గోనెపట్టాలో నాన్న ఉలులున్నాయి. ఇరవై ఏళ్ళు ఆయన రోజూ పని అయ్యాక నూనెగుడ్డతో తుడిచి పెట్టుకున్న ఉలులు. ఆ తేమకి పట్టా తడిసి, రెండు ఉలుల పదును మీద మచ్చలు పడ్డాయి. ఒకటి నూరితే వచ్చింది. ముప్పావు అంగుళం ఉలి మీద చిన్న గుంట అలాగే ఉండిపోయింది. నేను దానిని పారేయలేదు, వాడటమూ లేదు.

మెట్లు మాత్రం భోగి నాటికి పూర్తయ్యాయి. పిల్ల నెత్తిన భోగిపళ్ళు పోశాం, కొలువు పెట్టాం, చుట్టుపక్కల ముత్తయిదువులొచ్చారు. ఫిబ్రవరి వచ్చేసరికి రెండో మెట్టు పలక కీలు దగ్గర విచ్చింది. ఆ తడిగాలిలో నీరు పీల్చుకుని ఉబ్బిన చెక్కని నేను బిగుతుగా అమర్చాను. ఇంట్లో ఫర్నేస్ (ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం) నడిచే గది గాలి ఎండు పొడిగా ఉంటుంది. చెక్క అక్కడ కుంచించుకుపోయింది. జిగురు తప్పు కాదు, కోత తప్పు కాదు, గాలిలో తేమే.

ఇంకో మాట మీ డల్లాస్ ఇంటి నుంచే చెప్తాను. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న ఇళ్ళలో దాన్ని స్టాండు మీద ఎందుకు పెడతారో గమనించారా? మంట నేల నుంచి 18 అంగుళాల పైన ఉండాలన్న నియమం వల్ల. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. ప్రొపేన్ కూడా గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. మరి ఈ పోర్టబుల్ హీటర్‌ని మనం పెట్టేది ఎక్కడ? నేల మీదే, కారు పక్కనే, వార్నిష్ డబ్బా పక్కనే. వార్నిష్ వేసే రోజు, సన్నపొట్టు గాలిలో లేచే రోజు నిప్పు అన్నది ఆ గదిలో ఉండకూడదు. సిలిండర్‌ని కూడా వాడనప్పుడు ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో దాచొద్దు, బయట నిలబెట్టండి. చలికి ఏమీ కాదు, ప్రొపేన్ మైనస్ 42 సెల్సియస్ వరకూ ఆవిరవుతూనే ఉంటుంది. మన ఊళ్ళో వంటగ్యాస్‌లో బ్యూటేన్ కూడా కలుస్తుంది, అది సున్నా దగ్గరే మొరాయిస్తుంది, అందుకే టిఫిన్ సెంటర్లలో చలిరోజుల్లో సిలిండర్‌ని వేణ్ణీళ్ళ టబ్బులో కూర్చోబెడుతుంటారు. ఇక్కడ సిలిండర్ మీద మంచు పట్టి మంట తగ్గితే మీరు ఆ పని చేయకండి, హీటర్ మంట దాని వైపు తిప్పడం అసలే చేయకండి. అంత గ్యాస్ అంత త్వరగా లాగుతున్నారు కాబట్టి అది చల్లబడుతోంది, కాసేపు ఆపితే చాలు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, మొదట గ్యారేజీ తలుపు పలకల్లో ఫోమ్ బోర్డు కోసి అమర్చాను, కింద రబ్బరు పట్టీ మార్చాను. ఒక శనివారం పని. దాంతోనే లోపల చలి సగానికి సగం తగ్గిందని నా నమ్మకం. ఆ తర్వాత ఏడాది, ఇంట్లోకొచ్చే సహజవాయువు పైపు నుంచే ఒక గొట్టం లాగించి, పైకప్పుకి వేలాడే హీటర్ పెట్టించాను. బయటి గాలి తీసుకుని పొగ బయటికే పంపేది, లోపలి గాలితో దానికి పనే లేదు. పర్మిట్, ఇన్‌స్పెక్టర్ అన్నీ ఉన్నాయి, ఖర్చూ ఉంది. మిషిగన్‌లో ఊళ్ళో ఇళ్ళకి పైపు గ్యాస్ ఉంటూ సిలిండర్లు మోయడం నాకైతే అర్థం లేని పని. అంత పెట్టలేకపోతే 240 వోల్టుల ఎలక్ట్రిక్ హీటర్ పెట్టించుకోండి. 5,000 వాట్లంటే 17,000 బీటీయూలు, ఫోమ్ వేసిన గ్యారేజీకి పనికి సరిపడా వెచ్చదనం ఇస్తుంది, ఒక్క చుక్క నీరు వదలదు. జిగురు సీసా, అతికించాల్సిన చెక్కలు ముందు రాత్రే ఇంట్లోకి తెచ్చుకోండి. జిగురు పెట్టిన ముక్కల్ని కూడా ఇంట్లోనే ఆరబెట్టుకోవచ్చు, మా హాల్లో సోఫా వెనక చోటు దానికే.

ఇంత చెప్పినా ప్రొపేనే కొంటానంటే, చిన్న రేడియంట్ హీటర్ కొనండి, గాలిని కాదు మీ వీపుని వెచ్చచేసేది. పెద్ద తలుపు కింద అరడుగు, ఎదురు వైపు కిటికీ తెరిచి ఉంచండి. టైరు మార్చడానికి, కరెంటు పోయినప్పుడు ఓ అరగంటకి దాన్ని నేను తప్పుపట్టను. మీ టేబుల్ సా పలకకి మాత్రం నవంబరు దాటకముందే మైనం రాసి రుద్దండి, ఉలులు ఇంట్లో బీరువాలో పెట్టండి.