లక్ష వరుసలకి అరగంటా? ఆ సెట్టింగ్ జోలికి తర్వాత వెళ్దురు

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి లక్ష వరుసల పాత లెక్కలు ఎక్కించడానికి అరగంట పడుతోంది, లాగ్ (మార్పుల చిట్టా) డిస్కుకి ఎప్పుడు చేరాలో చెప్పే ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ సెట్టింగ్ విలువ 1 నుంచి 0కి మారిస్తే డేటాకి ఏమన్నా అవుతుందా అని కదా మీ ప్రశ్న. అవుతుంది. నాకైంది.

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల మండీకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. సీజన్‌లో సేవ్ నొక్కితే తిరుగుతూనే ఉంటోందని గుమాస్తా రోజూ ఫోన్ చేస్తుంటే విసుగొచ్చి 0 పెట్టేశా. 0 పెడితే కమిట్ (డేటా ఖాయంగా సేవ్ చేయడం) అయిందని చెప్పేసినా లాగ్ ఇంకా మెమరీలోనే ఉంటుంది, సెకనుకోసారి డిస్కుకి చేరుతుంది. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది. రైతు ఫోన్‌కి 43 బస్తాలని మెసేజ్ వెళ్లిపోయింది, కంప్యూటర్‌లో ఆ లాటే లేదు! పైగా అదే చీటీ నంబరు తర్వాతి లాటుకి మళ్లీ పడింది. సాయంత్రం డబ్బులకి ఇద్దరు రైతులు ఒకే నంబరు పట్టుకుని వచ్చారు. సావుకారు నాతో ఏం మాట్లాడాడో ఇక్కడ రాయలేను.

మీ లెక్కే చూడండి, లక్షకి అరగంటంటే సెకనుకు 55 వరుసలు. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు సెకనుకు తిరిగేదే 120 చుట్లు, మీరేమో వరుసకో కమిట్ చేస్తున్నట్టున్నారు, విలువ 1 ఉంటే ప్రతి కమిట్‌కీ డిస్కు మీద రాసేదాకా ఆగాలి, బిన్‌లాగ్ (మార్పులు రాసుకునే ఇంకో చిట్టా) ఆన్‌లో ఉంటే దానికి ఇంకోసారి. ఆటోకమిట్ (ప్రతి వరుసా దానంతటదే కమిట్ అవడం) ఆపి వెయ్యి వరుసలకోసారి కమిట్ చేయండి, వంద కమిట్లతో పనైపోతుంది. లక్షా ఒకేసారి కూడా చేయొచ్చు గానీ మధ్యలో ఏదైనా తప్పితే రోల్‌బ్యాక్ (ఎక్కించిందంతా వెనక్కి తీయడం) అయ్యేదాకా కూర్చోవాలి.

అప్పటికీ చాలకపోతే ఎక్కించేంతసేపు ఆ సెట్టింగ్‌కి 2 పెట్టుకోండి, సెట్ గ్లోబల్ కమాండ్ కొడితే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. 2లో మైఎస్‌క్యూఎల్ ఒక్కటే పడిపోతే ఏమీ పోదు, మెషీనే ఆగిపోతే సుమారు సెకను డేటా పోతుంది. మీది పాత ఫైలే కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. అయ్యాక 1కి తెచ్చేయండి.

మా మండీ సంగతంటారా, తీరా చూస్తే బస్తాకో కమిట్ చేస్తున్నది నా కోడే. లాటుకి ఒక్కటి చేశాక 1 పెట్టినా గుమాస్తా నుంచి ఫోన్ లేదు. యూపీఎస్ బ్యాటరీ మాత్రం సావుకారు ఇంకా మార్చలేదు.