నాన్నగారి 40 లక్షలు: నెల్లూరులో అద్దె ఇల్లా, రామాయపట్నం ప్లాటా, రీట్లా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు కావలిలో రిటైరవుతున్నారు, చేతికి 40 లక్షలు వస్తాయి, అక్కడే సొంత ఇల్లుంది. మీరేమో బెంగళూరులో ఉద్యోగం. ఆ డబ్బుతో నెల్లూరులో అద్దెలకి ఇల్లు కొనాలా, రామాయపట్నం వైపు ప్లాట్లు తీసుకోవాలా, లేక ఇంట్లో కూర్చుంటే డబ్బొచ్చే రీట్లలో (అద్దెలొచ్చే పెద్ద భవనాలున్న ట్రస్టుల్లో వాటాలు, REIT) పెట్టాలా అని. ఈ మూడూ నా దగ్గర ఉన్నాయి. మూడింటితోనూ ఏదో ఒక రోజు నిద్ర పట్టలేదు కాబట్టి రాస్తున్నా.

ముందు అద్దె ఇల్లు. 2017లో నెల్లూరు వేదాయపాళెంలో 24 అంకణాల స్థలం కొన్నాను. కావలి మనిషికి అంకణం గురించి చెప్పక్కర్లేదు గానీ, ఇది చదివే మిగతావాళ్ళ కోసం: మా నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. స్థలానికి 24 లక్షలు, కింద ఒక పోర్షను పైన ఒక పోర్షను కట్టడానికి 34 లక్షలు, మొత్తం 58. ఇప్పుడు కింద 9 వేలు, పైన 8 వేలు. ఏడాదికి 2 లక్షల 4 వేలు. వినడానికి బాగుంటుంది. ఇంటి పన్ను, సున్నాలు, ప్లంబరు, ఒకళ్ళు ఖాళీ చేసి ఇంకొకళ్ళు వచ్చేదాకా పోయే నెలన్నర, ఇవన్నీ కలిపి సగటున 46 వేలు పోతాయి. మిగిలేది 1 లక్షా 58 వేలు. అంటే పెట్టిన 58 లక్షల మీద 3 శాతం కూడా రాదు. పోస్టాఫీసులో పెద్దవాళ్ళ సేవింగ్స్ స్కీములో 8.2 శాతం ఇస్తున్నారు, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. దాని పక్కన పెట్టి చూసుకోండి.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా ఆవిడ ఒకటే అడిగింది: "మరి మీ తిరుగుళ్ళకి జీతం కట్టుకోలేదే?" నిజమే. రాత్రి తొమ్మిదింటికి ఫోను: "సార్, నీళ్ళు రాలా. మోటారు కాలిందో ఏందో." బోరులోంచి మోటారు పైకి తీయించడానికి ఇద్దరు మనుషులు, వైండింగు షాపువాడు రెండు రోజులు, ఆ రెండు రోజులూ ట్యాంకరు నీళ్ళు నా ఖర్చు. ఒకాయన ఆరు నెలలు అద్దె సగం సగమే ఇచ్చాడు. అడిగితే తను సాగు చేసే గుంటలో రొయ్య పోయిందనేవాడు. పాపం, అబద్ధం కూడా కాదు. అడ్వాన్సు రెండు నెలలదే తీసుకున్నా, అది ఎప్పుడో చెల్లిపోయింది. నేను ఉండేది అదే ఊళ్ళో కాబట్టి నెట్టుకొచ్చాను. మీ నాన్నగారు ప్రతిదానికీ కావలి నుంచి 50 కిలోమీటర్లు రావాలి, మీరేమో ఫోనులో మేస్త్రీతో బేరమాడాలి.

అయితే నేను నష్టపోయానా అంటే, లేదు. ఆ 24 అంకణాల రేటు ఇప్పటికి రెండింతలు దాటింది. లాభమంతా మట్టిదే, ఇల్లు దాని నెత్తిన కూర్చున్న ఖర్చు. ఈ తేడా అర్థం కావడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

"మట్టిదే లాభమైతే ఒట్టి ప్లాటే కొనేద్దాం, దాని పనీ ఉండదు" అంటారేమో. నేనూ అలాగే అనుకుని ఉలవపాడు దగ్గర 12 సెంట్లు తీసుకున్నా. ఆ పక్కనే రామాయపట్నం పోర్టుకి 2019 జనవరిలో ఒకసారి శంకుస్థాపన చేశారు, 2022 జులైలో మళ్ళీ చేశారు. ప్రతిసారీ రేటు లేచింది, తర్వాత కొనేవాడు కనపడలేదు. ఈలోగా నా హద్దు రాళ్ళు మాయమయ్యాయి. లేఅవుట్ వేసిన వ్యక్తి దానికి అనుమతే తీసుకోలేదని తర్వాత తెలిసింది. సర్వేయరుని తీసుకెళ్ళి మళ్ళీ కొలిపించి, ముళ్ళకంప కొట్టించి, కంచె వేయించేసరికి చాలా సెలవులు అయిపోయాయి. ఒట్టి ప్లాటుకి పని ఉండదనేది అమ్మేవాళ్ళ మాట. ఏడాదికి రెండుసార్లయినా వెళ్ళి నిలబడకపోతే అది మనదని పక్కవాడు మర్చిపోతాడు.

అయినా కొంటాను అంటే ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) కనీసం 30 ఏళ్ళది తీయండి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చెయ్యకూడని స్థలాల్లో, ఉందేమో చూడండి, లేఅవుటుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. ఇంకో ముక్క: మన వైపు స్థలం ఎండాకాలంలో చూసి అడ్వాన్సు ఇవ్వకూడదు. కార్తీకంలో, వానల మధ్య వెళ్ళి చూడాలి. 2021 నవంబరు వరదలో పెన్న ఒడ్డు కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్ళెవరూ దీన్ని కాదనరు.

ఇక రీట్లు. ఇందులో చెప్పేది తక్కువ, ఎందుకంటే చేసేదీ తక్కువే. ఆఫీసు భవనాలో మాల్సో ఉన్న ట్రస్టులో యూనిట్లు షేర్లలాగే డీమ్యాట్ ఖాతాలో కొంటాం. షేరు మార్కెట్లని నియంత్రించే సెబీ వీటికి 2014లో నిబంధనలు తెచ్చింది, 2019లో మొదటిది ఎంబసీ లిస్టయింది, తర్వాత మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్, మాల్స్ ఉన్న నెక్సస్ వచ్చాయి. ఆస్తుల్లో 80 శాతమైనా కట్టడం పూర్తయి అద్దె వస్తున్నవే ఉండాలి, పంచదగ్గ డబ్బులో 90 శాతం పంచి తీరాలి. నా చేతికి ఏడాదికి ఆరు శాతం అటూ ఇటూగా వస్తోంది, మోటారు కాలిందని ఎవరూ ఫోను చెయ్యరు. కానీ ఇది షేరు మార్కెట్టు. నేను కొన్న ఏడాదిలోపే యూనిట్ రేటు పడిపోయింది, అమ్మి ఉంటే అసలుకే ఎసరు. వచ్చే డబ్బులో కొంత వడ్డీ, కొంత డివిడెండు, కొంత మన అసలే తిరిగొచ్చేది. ఒక్కోదానికి పన్ను ఒక్కోలా. ఇంటి అద్దెకైతే మున్సిపల్ పన్ను పోగా 30 శాతం మినహాయింపు నేరుగా ఉంటుంది. రోజూ ఫోనులో రేటు చూసుకుని బీపీ పెంచుకునే మనిషైతే నాన్నగారికి రీట్లు వద్దు.

నన్నడిగితే మీరు రాయని నాలుగో దారి ఉంది. కావలి ఇంటి మీద ఒక పోర్షను వేయండి. స్థలం మీదే కాబట్టి ఖర్చు 14 లక్షల్లో తేలుతుంది, నెలకి 7 వేలు అద్దె వచ్చినా ఏడాదికి 84 వేలు, అంటే 6 శాతం. నాకు 3 కూడా రానిచోట మీకు 6 ఎందుకొస్తుందంటే మట్టికి మళ్ళీ డబ్బు కట్టడం లేదు గనక. పైగా అద్దెకున్నవాళ్ళు కళ్ళెదుటే ఉంటారు, పెద్దవాళ్ళకి రాత్రిపూట ఒక తోడు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పోస్టాఫీసు స్కీములో వేసి, ఓ నాలుగైదు లక్షలు రీట్లలో, అదీ ఒకేసారి కాకుండా ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా. నెల్లూరు ఇల్లు, రామాయపట్నం ప్లాటు ఈ డబ్బుతో వద్దు. అవి కావాలంటే మీ జీతంతో, మీ పేరు మీద కొనుక్కోండి, ఎదురుచూడ్డానికి మీకు వయసుంది.

ఒకటి మాత్రం ముందు కనుక్కోండి: ఆ ఇల్లు పిల్లర్ల మీద కట్టిందా, గోడల మీదే స్లాబు వేశారా? పాత ఇళ్ళు చాలా వరకు గోడల మీదే ఉంటాయి. అలాగైతే ఇంజనీరు చూసి సరేనన్నాకే మున్సిపాలిటీ ప్లాను సంగతి. ఆయనేమన్నారో ఇక్కడ రాయండి, 14 లక్షల లెక్క మారుతుందేమో చూద్దాం.