హేవ్‌లాక్‌లో పెళ్లి పెట్టుకున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేసి "అక్కా, ఇది అండమాన్‌లో పెళ్లంటోంది, నువ్వే నచ్చజెప్పు" అన్నాడు. నేను మాన్పించనని చెప్పేశాను. మా వాడి పెళ్లి అక్కడే చేశాం కదా. కాకపోతే కొన్ని సంగతులు ముందే విను.

మీ పంతులుగారు హైదరాబాద్ పంచాంగం చూసి పెట్టిన లగ్నాన్ని అలాగే శుభలేఖలో వేయించకు. గడియారం అక్కడా ఇక్కడా ఒకటే గానీ, పొద్దు మాత్రం అక్కడ దాదాపు గంట ముందు పొడుస్తుంది. లగ్నం కూడా ఆ మేరకు ముందే వచ్చేస్తుంది. హేవ్‌లాక్‌కే లెక్క కట్టమని అడుగు. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, ఆ పేరుతో వెతికినా దొరుకుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం అయిదు దాటితే పొద్దు ఉండదు. ఒడ్డున ఫోటోలు కావాలంటే మూడున్నరకల్లా ముస్తాబు పూర్తవాలి. మన ఆడవాళ్ల సంగతి నీకు తెలిసిందేగా!

అసలు టెన్షన్ ఫెర్రీలది. విమానం పోర్ట్ బ్లెయిర్ దాకానే. 2024లో దాన్ని శ్రీవిజయపురం చేశారు, జనం నోట ఇంకా పాత పేరే. అక్కడి నుంచి సముద్రం మీద వెళ్లాలి. అలలు ఎక్కువైతే ఫెర్రీ కదలదు, ఎవరు చెప్పినా కదలదు. అందుకే దిగిన రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుని, పెళ్లికి రెండు రోజుల ముందే అందరూ దీవికి చేరాలి. వచ్చేటప్పుడు కూడా పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైట్ అని బిగించి పెట్టొద్దు. పెద్దవాళ్లకి వాంతుల మాత్ర ఎక్కే ముందే వేయించు. తేదీ మీ చేతిలో ఉంటే జనవరి నుంచి ఏప్రిల్ లోపల చూసుకోండి, మే నెలలో వానలు పట్టుకుంటాయి.

ఎండు కొబ్బరి కుడకలు, కర్పూరం, అగ్గిపెట్టెలు విమానంలో ఎక్కనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీయిస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్లు, తమిళులు బోలెడు మంది. ఆ సామాను అక్కడే కొనండి. మంగళసూత్రాలు మాత్రం మీ అమ్మ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయొద్దు.

ఇక గాలి. మా వాడి పెళ్లిలో తెరసెల్ల గాలికి పైకి లేచిపోయి, జీలకర్ర బెల్లం పెట్టకముందే ఇద్దరూ ఒకరినొకరు చూసేసుకున్నారు. పంతులుగారు ఏమీ చూడనట్టు మంత్రం కానిచ్చారు. నువ్వు తెర అంచుకి బరువుగా ఏదైనా కుట్టించు. మండపానికి సముద్రం వైపు దడి కట్టించు, లేకపోతే హోమం రాజుకోదు. ఇసుకలో మండపం వేయాలంటే అనుమతి కావాలి. "బీచ్ మాదేనండీ" అని రిసార్టు వాళ్లు అంటే నమ్మి ఊరుకోక, కాగితం చూపించమను.

జనం యాభై దాటితే నీకే కష్టం. మిగతా చుట్టాలకి తర్వాత ఊళ్లో భోజనాలు పెట్టండి. అలిగేవాళ్లు ఎలాగూ అలుగుతారు. వంటకి మాత్రం మన మనిషినొకణ్ణి తీసుకెళ్లు. పప్పు, పులిహోర లేకపోతే మీ తాతయ్య పీటల మీదే గొడవ పెడతాడు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లల జేబులు తడిమి చూడు. పగడాలు, గవ్వలు ఏరుకొస్తే తనిఖీలో పట్టుకుంటారు, కేసు దాకా వెళ్లొచ్చు.

వచ్చేవాళ్ల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాసి పంపు. ఫెర్రీ టికెట్ల సంగతి మీ మామయ్య చూసుకుంటానన్నాడు.

మీ అత్త