ఏడాదికి 42 వేల సర్వర్ మీ అప్పడాల వ్యాపారానికి అవసరమా?

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో పెట్టిన అప్పడాలు, వడియాలు, ఊరగాయలు మూడేళ్లుగా సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాను. నెలకి 45 వేల దాకా అమ్మకం, సగటు ఆర్డరు 600, అన్నీ పోను 9 వేలు మిగులుతుంది. సైటు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) ఉంది. మొదట్లో మూడేళ్లకి కలిపి 7,200 కట్టాను. ఇప్పుడు ఏప్రిల్‌లో రెన్యువల్‌కి ఒక్క ఏడాదికే 7,200 అంటున్నారు, మూడేళ్లకి ఒకేసారి కడితే 16,200 అట. దసరాకి రెండు రోజులు, సంక్రాంతికి మూడు రోజులు సైటు సరిగా తెరుచుకోలేదు. విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు గారి అబ్బాయి వీపీఎస్‌కి (వర్చువల్ ప్రైవేట్ సర్వర్, అంటే విడిగా మన వాటా ఉన్న సర్వర్) మారిపోమంటున్నాడు. సర్వర్‌కి నెలకి 1,500, తను చూసుకున్నందుకు 2,000. ఈ ఖర్చు చూపిస్తే పన్ను కూడా తగ్గుతుందన్నాడు. మొన్న వచ్చిన సుభద్ర (ఒడిశా ప్రభుత్వం మహిళలకి ఇచ్చే పథకం) డబ్బు 5,000 చేతిలో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మారకండి. ఈ ఏడాదికైతే అస్సలు వద్దు.

మీరు ఇచ్చిన అంకెలతోనే చూద్దాం. నెలకి 3,500 అంటే ఏడాదికి 42,000. మీకు ఏడాది మొత్తం మీద మిగిలేది 1,08,000. అంటే మీరు ఎండలో వడియాలు పెట్టి, ప్యాకింగులు చేసి, కొరియర్ వాళ్లతో గొడవపడి మిగుల్చుకున్న ప్రతి వంద రూపాయల్లో దాదాపు 39 రూపాయలు సర్వర్‌కీ, దాన్ని చూసుకునే మనిషికీ పోతాయి. ఇప్పుడున్న చోటే రెన్యువల్ చేస్తే 7,200తో అయిపోయేదానికి వీపీఎస్‌లో అదనంగా పడేది 34,800. మీ మార్జిన్ 20 శాతం కాబట్టి ఆ అదనపు డబ్బు వెనక్కి రావాలంటే ఏడాదికి ఇంకో 1,74,000 అమ్మాలి, నెలకి 14,500, అంటే నెలకి ఇంకో 24, 25 ఆర్డర్లు. ఇప్పుడు మీకు నెలకి వస్తున్నవే 75. సర్వర్ మారినంత మాత్రాన అమ్మకం మూడో వంతు పెరుగుతుందని ఆ అబ్బాయి కూడా చెప్పలేడు.

మరి సైటు నిలిచిపోయినందుకు పోయింది ఎంత? మామూలు రోజుల్లో మీకు రోజుకి రెండు మూడు ఆర్డర్లు. పండగ రోజుల్లో పది అనుకుందాం, ఆ ఐదు రోజుల్లో ఒక్క ఆర్డరు కూడా రాలేదనే అనుకుందాం, వాళ్లెవరూ తర్వాత ఫోన్ చేసి తెప్పించుకోలేదనీ అనుకుందాం (మీ ఊరగాయ అలవాటైన వాళ్లు అంత తేలిగ్గా వదలరు గానీ, లెక్క కోసం). 50 ఆర్డర్లు, ఒక్కోదానికి 120 రూపాయల మిగులు, మొత్తం 6,000. ఆరు వేల నష్టాన్ని ఆపడానికి దాదాపు 35 వేలు ఖర్చు పెట్టమని ఏ లెక్కా చెప్పదు. సైటు స్లో అయిందంటే టెన్షన్ వస్తుంది, అది నాకు అర్థమవుతుంది, కానీ ఆ టెన్షన్‌కి ఒక ధర కట్టి చూశాకే చెక్కు రాయాలి.

అసలు ఈ రెండిటికీ తేడా ఏమిటో డబ్బు వైపు నుంచి చెప్తాను. షేర్డ్ హోస్టింగ్ అంటే వీధిలో ఉన్న కారం మర లాంటిది. పండగ ముందు అందరూ డబ్బాలు పట్టుకొచ్చి నిలబడతారు, మీ వంతు ఆలస్యమవుతుంది, కానీ మర పాడైతే బాగుచేయించేది మరాయనే. వీపీఎస్ అంటే సొంత మర. ఒకే పెద్ద మెషీన్‌ని సాఫ్ట్‌వేర్‌తో వాటాలుగా విడదీసి, అందులో ఇంత ర్యామ్, ఇంత సీపీయూ మీ పేరున రాసిస్తారు. తక్కువ ధర ప్లాన్లలో ఆ సీపీయూ కూడా చాలాసార్లు పక్కవాళ్లతో పంచుకున్నదే, ఆ సంగతి ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండదు. అలాగే షేర్డ్‌లో ‘అన్‌లిమిటెడ్’ అని రాస్తారు చూడండి, అది ఎక్కువగా డిస్కు, బ్యాండ్‌విడ్త్ గురించే. ఒక అకౌంటు ఎంత సీపీయూ, ఎంత మెమరీ వాడొచ్చు, ఒకేసారి ఎన్ని పనులు నడపొచ్చు, ఎన్ని ఫైళ్లు పెట్టొచ్చు అన్నదానికి హద్దులు మామూలే. ఒకేసారి నడిచే పనుల హద్దు దాటితే చాలాచోట్ల 508 అనే ఎర్రర్ కనబడుతుంది. పండగకి మీ సైటులో వచ్చింది అదేనేమో చూడండి.

వీపీఎస్ అద్దె పెద్ద ఖర్చు కాదు. డిజిటల్ ఓషన్ లాంటి చోట ఒక జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ నెలకి 6 డాలర్లకే దొరుకుతుంది. ఖర్చంతా దాన్ని కాపలా కాయడంలో ఉంది. సెక్యూరిటీ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, బ్యాకప్, మెమరీ నిండి రాత్రి పూట డేటాబేస్ పడిపోతే లేపి నిలబెట్టడం, ఇవన్నీ, కంపెనీయే చూసుకునే మేనేజ్డ్ ప్లాన్ తీసుకోకపోతే, మీ నెత్తినే. ఇంకోటి, షేర్డ్‌లో మెయిల్ సాధారణంగా ప్లాన్‌తోనే వస్తుంది. వీపీఎస్‌లో చాలా కంపెనీలు మెయిల్ పంపే 25వ పోర్టుని ముందే మూసి ఉంచుతాయి, స్పామ్ పంపేవాళ్ల భయంతో. అప్పుడు ‘మీ ఆర్డరు అందింది’ అనే మెయిల్ వెళ్లడానికి వేరే సర్వీసు పెట్టుకోవాలి, అదో లెక్క. సైటుని చూసుకునే సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ అలవాటైపోయి అదే కావాలంటే దానికి లైసెన్సు ఫీజు విడిగా.

ఇక ఆ 2,000 సంగతి. ఆ అబ్బాయి ఎక్కువ అడిగాడని నేను అనను. నిజానికి తక్కువే అడిగాడు, నా అనుమానమూ అక్కడే. పగలంతా ఉద్యోగం ఉన్నవాడు సంక్రాంతి ముందు రోజు రాత్రి మీ సర్వర్ కోసం కూర్చోగలడా? పండగకి అతనూ ఊరెళ్తాడు కదా. రేపు ఆన్‌సైట్ అని విదేశం వెళ్తే ఎవరు చూస్తారు? బయటి మనిషైతే సర్వీసు బాగోలేదని మానేసి ఇంకొకర్ని పెట్టుకోవచ్చు, ఆడపడుచు కొడుకుని అలా మానిపించగలరా? చుట్టాలకి నెల జీతం లాంటిది పెట్టుకుంటే డబ్బు కంటే మాట పోతుంది. ఒక పనికి ఒక రేటు అనుకుని, పని అయ్యాక ఇచ్చేస్తే ఇద్దరికీ హాయి.

అలా ఒక్కసారికి ఇవ్వదగిన పని ఒకటుంది. సైటు పండగకి ఆగడానికి కారణం సర్వరేనని ఇంకా తేలలేదు. సీప్యానెల్ ఉంటే అందులో రిసోర్స్ యూసేజ్ అని ఉంటుంది, ఆ ఐదు తేదీల్లో హద్దు తగిలిందా లేదా అక్కడ కనబడుతుంది. పాత తేదీలు చెరిగిపోయి ఉంటే హోస్టింగ్ సపోర్ట్ వాళ్లనే అడగండి. నేను చూసిన చిన్న సైట్లలో ఎక్కువసార్లు దొంగ ఎక్కడ దొరికాడంటే ఫోటోల్లో: ఫోన్‌తో తీసిన నాలుగైదు ఎంబీల ఫోటోని అలాగే ఎక్కించేస్తారు, పేజీలో ముప్పై రకాల అప్పడాలు ఉంటే ఆ పేజీ తెరవడానికే కొనేవాళ్ల డేటా సగం అయిపోతుంది. వాటిని వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి కుదిస్తే ఒక్కోటి వంద, రెండు వందల కేబీల్లోకి వస్తుంది. వాడని ప్లగిన్లు (సైటుకి తగిలించిన అదనపు సాఫ్ట్‌వేర్లు) తీసేయడం, సైటుని నడిపే పీహెచ్‌పీని కొత్త వెర్షన్‌కి మార్చడం, క్యాషింగ్ (తయారైన పేజీని దాచి మళ్లీ మళ్లీ చూపడం) పెట్టడం, సైటుకీ చూసేవాళ్లకీ మధ్య నిలబడి బరువు తగ్గించే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ తగిలించడం, ఇదంతా రెండు ఆదివారాల పని. మీది వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైటులో అమ్మకాలకి వాడే ప్లగిన్) అయితే వర్డ్‌ప్రెస్‌కి 256 ఎంబీ మెమరీ ఉండాలని వాళ్లే సిఫార్సు చేస్తారు, మీ ప్లాన్‌లో అంత ఇస్తున్నారో లేదో అడగండి. ఒక మాట మాత్రం నిజం: కార్టు, పేమెంటు పేజీలు మనిషి మనిషికీ మారతాయి కాబట్టి వాటిని క్యాష్ చేయలేం, ఒకేసారి చాలామంది కొంటే ఆ బరువు సర్వర్ మీద పడాల్సిందే. కానీ రోజుకి పది ఆర్డర్లు అంత బరువు కాదు. ఈ పనికి ఆ అబ్బాయికి మూడు వేలు ఇవ్వండి, సంతోషంగా. వచ్చే దసరాకి ముందుజాగ్రత్తగా వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టి ఉంచండి, సైటు మొరాయించినా యూపీఐ ఆగదు కదా.

రెన్యువల్ ఒక ఏడాదికా, మూడేళ్లకా? మూడేళ్లకి ఒకేసారి కడితే 21,600 బదులు 16,200, అంటే 5,400 మిగులు, చూడ్డానికి బాగానే ఉంది. కానీ నెల చూడండి. ఏప్రిల్! ఎండుమిరపకాయలు, నూనె కొనాల్సిన నెల, వెనకాలే మామిడికాయలు. ఆ సమయంలో అదనంగా 9,000 హోస్టింగ్‌లో ఇరుక్కుపోతే సరుకు తగ్గించుకోవాలి, లేదా అప్పు తేవాలి. అదే 9,000 సరుకులో పెడితే మీ మార్జిన్ ప్రకారం 11,250కి అమ్ముడై ఒక్క తిప్పులోనే 2,250 తెస్తుంది, మూడేళ్లలో ఎన్ని తిప్పులు తిరుగుతుందో మీకే తెలుసు. పైగా రేపు కంపెనీ మారాలనిపిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు, వాపసు ఇచ్చేది ఉంటే మొదటి కొద్ది వారాల్లోనే. కాబట్టి ఒక్క ఏడాదికే కట్టండి. కట్టేముందు, మానేస్తున్నాను అని సపోర్ట్ వాళ్లకి ఒక మెసేజ్ పెట్టి చూడండి, చాలాచోట్ల అప్పుడే తగ్గింపు బయటికొస్తుంది. రాకపోతే ఇంకో కంపెనీ షేర్డ్ ప్లాన్ చూసుకోవచ్చు, సైటు ఉచితంగా మార్చిపెట్టేవాళ్లు ఉన్నారు. కాకపోతే మొదటి ధర చూసి మోసపోకండి, మొదటి ధర, రెన్యువల్ ధర రెండూ కలిపి నాలుగేళ్లకి ఎంతవుతుందో చూసి పోల్చండి. 7,200లో జీఎస్టీ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే 18 శాతం కలిపి 8,496 అవుతుంది. విదేశీ కంపెనీకి డాలర్లలో కడితే కార్డు మీద బ్యాంకు వేసే మార్కప్ ఇంకా పైన.

సుభద్ర డబ్బు గురించి. రాఖీ పూర్ణిమకి 5,000, మార్చి 8కి 5,000, ఐదేళ్లలో మొత్తం 50,000, అదీ 2028-29తో ఆఖరు. ఒక్క ఏడాది వీపీఎస్ ఖర్చుకి నాలుగేళ్ల సుభద్ర డబ్బు కూడా చాలదు! ఎప్పుడో ఆగిపోయే డబ్బుని ఎప్పటికీ ఆగని నెలవారీ ఖర్చుకి కట్టకండి. ఇప్పుడున్న 5,000లో మూడు వేలు పైన చెప్పిన రిపేరుకి, మిగతాది రెన్యువల్‌కి వేసేయండి.

పన్ను తగ్గుతుందన్న మాట వదిలేయండి. ఏడాదికి లక్షా ఎనిమిది వేల ఆదాయం మీద, వేరే ఆదాయం లేకపోతే, మీకు ఆదాయపు పన్నే లేదు, లేనిది ఎలా తగ్గుతుంది? పన్ను కట్టేవాళ్లకైనా వంద ఖర్చు పెడితే మిగిలేది ఇరవయ్యో ముప్పయ్యో, వంద కాదు. దానికంటే మీరు చూసుకోవాల్సిన పన్ను వేరే ఉంది. అప్పడాలకి జీఎస్టీ లేదు, ఊరగాయకి ఉంది. మీరు ఒడిశాలో ఉన్నారు, మీ పార్సెళ్లలో విశాఖ, హైదరాబాద్ వెళ్లేవి ఉంటే, అంతెందుకు పక్కనున్న ఇచ్ఛాపురం వెళ్లినా, అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇప్పటిదాకా తీసుకోకపోతే సర్వర్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. పోర్టల్‌లో దానికి ఫీజు లేదు, అకౌంటెంట్‌కి ఇచ్చేదే ఖర్చు. రిజిస్టర్ అయ్యాక హోస్టింగ్ మీద కట్టిన జీఎస్టీలో ఊరగాయల వాటా మేరకు వెనక్కి తీసుకోవచ్చు, అప్పడాల వాటాకి రాదు.

వీపీఎస్ ఎప్పటికీ వద్దని కాదు. రిపేరు చేయించాక కూడా మామూలు రోజుల్లోనే హద్దులు తగులుతుంటే, ముందు అదే కంపెనీలో ఒక మెట్టు పైనున్న షేర్డ్ ప్లాన్‌కి వెళ్లండి. అదీ చాలకపోయి, నెల మిగులు 30 వేలు దాటాక వీపీఎస్ గురించి మళ్లీ ఆలోచించండి. అప్పుడు కూడా కంపెనీయే చూసుకునే మేనేజ్డ్ ప్లాన్, ముంబై, హైదరాబాద్, బెంగళూరులలో ఎక్కడో ఒకచోట సర్వర్ ఉన్నది, నెలనెలా కట్టేది తీసుకోండి. ఆటో డెబిట్ పెట్టినా నిర్లక్ష్యం చేయకండి. ఇలాంటి బిల్లు ఓటీపీ లేకుండా 15,000 దాకా కార్డు మీద దానంతట అదే కట్టుకుంటుంది గానీ, అందుకు మీ అనుమతి ముందే నమోదై ఉండాలి, కట్ అయ్యే ఒక రోజు ముందు బ్యాంకు మెసేజ్ వస్తుంది. పేమెంటు ఫెయిలై ఆ మెసేజ్ ఎవరూ చూడకపోతే సర్వర్‌ని ఆపేస్తారు.

ఇంకొక్కటి, ఇది ఈ రోజే చూడండి: మీ డొమైన్ పేరు ఎవరి మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయి ఉంది? మీది కాకుండా ఆ అబ్బాయిదో, మొదట సైటు చేసిచ్చినవాళ్లదో అయితే, రెన్యువల్ డబ్బు కట్టేలోపు దాన్ని మీ పేరుకి, మీ ఫోన్ నంబరుకి మార్పించుకోండి. పాస్‌వర్డ్‌లు ఒక నోటుబుక్కులో రాసి మీ దగ్గరే ఉంచుకోండి.