ఆర్గాన్, గిటార్, డ్రమ్స్ మాత్రమే ఉన్న జాజ్ ట్రయోలో బాస్ ఎవరు వాయిస్తారు? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

బాస్, అంటే పాటకు అడుగున నడిచే కింది స్వరాలు, ఆర్గాన్ కళాకారుడే వాయిస్తాడు. ఆల్బమ్ అయితే గ్రాంట్ గ్రీన్ ‘టాకిన్ అబౌట్!’ వినండి. 1964 సెప్టెంబరులో న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో బ్లూ నోట్ సంస్థ కోసం రికార్డు చేశారు. గిటార్ గ్రీన్, ఆర్గాన్ లారీ యంగ్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. చాలామంది జిమ్మీ స్మిత్ పేరు చెబుతారు. జాజ్‌లో ఆర్గాన్‌కు పెద్దపీట వేయించింది ఆయనే, కాదనను. కానీ ఆయన ఉన్నచోట మిగతావారి మీదికి చెవి పోదు. ముగ్గురూ సరిసమానంగా వినపడాలంటే నా ఓటు దీనికే.

ఇలాంటి ట్రయోల్లో వాయించే హామండ్ బి-3 ఆర్గాన్‌కు రెండు వరుసల మెట్లు, కింద కాళ్లతో నొక్కే పెడళ్లు ఉంటాయి. ఎడమ చేయి కింది వరుసలో బాస్ నడిపిస్తుంటే, ఎడమ పాదం పెడళ్లను తాకుతూ ఆ స్వరాలకు దిటవు ఇస్తుంది. పాట కుడి చేతిది. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు కాబట్టి, హెచ్చుతగ్గుల కోసం కుడి పాదం మరో పెడల్ మీద ఉంటుంది. మన హార్మోనియంలో ఎడమ చేయి తిత్తికి అంకితమైనట్టు, ఇక్కడ ఆ పాదం దానికే అంకితం.

నేను ఇంట్లో కీబోర్డు వాయిస్తాను. ఎడమ చేత్తో నాలుగు లెక్కల బాస్ నడిపిస్తూ కుడి చేత్తో ఎదురు తాళంలో ఒక చిన్న పలుకు ఎత్తుకుంటే చాలు, ఎడమ చేయి దాని వెంట పరుగెడుతుంది. ఇంకా 24 ఏళ్లు కూడా నిండని లారీ యంగ్ పన్నెండు నిమిషాలకు దగ్గరగా ఉన్న మొదటి పాటలో ఆ రెండింటినీ విడివిడిగా నడిపించాడు. ‘టాకిన్ అబౌట్ జె.సి.’ అనే ఆ పాట కట్టింది కూడా ఆయనే. జె.సి. అంటే శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్. ఎల్విన్ జోన్స్ అప్పట్లో ఆ కోల్ట్రేన్ బృందంలోనే డ్రమ్స్ వాయించేవాడు, అందుకే లయ ఒకే తీరుగా సాగదు, ఉరకలు వేస్తుంది. గ్రీన్ గిటార్ మీద ఎక్కువగా ఒక్కో స్వరమే పలికిస్తాడు. దాంతో కింద ఆర్గాన్ ఏం చేస్తోందో తేటగా తెలుస్తుంది. ‘పీపుల్’ అనే బ్రాడ్వే పాట మాత్రం నాకు అంతగా పట్టదు.

ఫోను స్పీకరులో వినకండి. కింది స్వరాలు అందులో పలకవు, ఎడమ చేయి మొత్తం మాయమవుతుంది. మామూలు హెడ్‌ఫోన్లు చాలు. ఒకసారి బాస్‌ను మాత్రమే పట్టుకుని వినండి, ఆ తరువాత గిటార్ సంగతి.

ఈ ఉరకలు ఎక్కువనిపిస్తే 1959 నాటి, గిటార్ కళాకారుడు వెస్ మాంట్‌గోమరీ ట్రయో రికార్డుకు వెళ్లండి. అందులో ఆర్గాన్ మెల్విన్ రైన్‌ది. సాయంత్రం పూట వినడానికి అదే హాయి.