ఇంట్లో పని మొదలైనప్పటి నుంచి ఈ ఇల్లు నాది కాదనిపిస్తోంది

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. నాకు 38 ఏళ్లు. మావారు చెన్నైలో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్తారు. ఇంట్లో నేను, ఉబ్బసం ఉన్న మా అత్తమ్మ, పదో తరగతి చదివే మా అమ్మాయి ఉంటాం. మేడ మీది స్నానాల గది నుంచి కింది పడక గదిలోకి నీళ్లు దిగుతున్నాయని దసరా తరువాత పని మొదలుపెట్టాం. అది వంటింటి గట్టుకు, హాల్లో టైల్సుకు, గోడల రంగుల దాకా పెరిగింది. మేస్త్రి 20 రోజులన్నాడు, 55 రోజులు దాటాయి. ఒకరోజు వస్తారు, మూడు రోజులు రారు. గట్టిగా అడిగితే "సార్‌తో మాట్లాడినాం లేమ్మా" అంటాడు. వాళ్లు రాకముందే అన్నీ ముగించుకోవాలని తెల్లవారుజామున 4 గంటలకే లేచి స్నానం చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఒకతను నేను ఎటు వెళ్తే అటే చూస్తుంటాడు. పనివాళ్లకు టీ ప్లాస్టిక్ గ్లాసుల్లోనే ఇవ్వాలని అత్తమ్మ పట్టుబడతారు, ఇచ్చేటప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది. మొన్న దుమ్మంతా దేవుడి గదిలోకి వచ్చిందని ఒక కూలి మనిషి మీద నోటికొచ్చినట్టు అరిచాను. అతను మారు మాట్లాడకుండా చీపురు తీసుకున్నాడు. ఆ రాత్రంతా ఏడ్చాను. మావారేమో "ఇంట్లోనే ఉంటావు కదా, నలుగురి చేత పని చేయించలేవా" అన్నారు. సంక్రాంతికి మా ఆడబిడ్డ కుటుంబం వస్తోంది. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీలో లోపం ఉందని నాకు అనిపించలేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట దుమ్ము గురించినదీ కాదు, ఆలస్యం గురించినదీ కాదు. "సార్‌తో మాట్లాడినాం లేమ్మా" అన్న మేస్త్రి మాట దగ్గరే ఆగిపోయాను. పొద్దున తలుపు తీసేది మీరు, నీళ్లిచ్చేది మీరు, సాయంత్రం సిమెంటు మరకలు తుడిచేది మీరు. కానీ ఏ పని ముందు, ఏది వెనుక, ఎప్పుడు ఎంత డబ్బు ఇవ్వాలి అన్న మూడు విషయాలూ మీకు తెలియకుండా చెన్నైకి ఫోనులో తేలిపోతున్నాయి. తన డబ్బు ఎవరి చేతి నుంచి వస్తుందో మేస్త్రికి బాగా తెలుసు, కాబట్టి అతను ఆ మనిషికే జవాబు చెబుతాడు. ఈ ఏర్పాటులో మీ స్థానంలో ఎంత నేర్పరి ఉన్నా పని చేయించలేరు. బాధ్యత మొత్తం మీ మీద పెట్టి అధికారం మరొకరి దగ్గర ఉంచితే మనిషికి కోపం, ఏడుపు, తన మీద తనకే అనుమానం వస్తాయి. మీకు వచ్చినవి సరిగ్గా అవే.

అందువల్ల మొదట మాట్లాడవలసింది మేస్త్రితో కాదు, మీవారితో. ఈ శనివారం ఆయన రైలు దిగి వచ్చిన వెంటనే వద్దు. భోజనాలయ్యాక, అత్తమ్మగారు పడుకున్నాక, ఆయనను పై స్నానాల గదికి తీసుకెళ్లి చూపించి అక్కడే మాట్లాడండి. "నన్ను మీరు పట్టించుకోవడం లేదు" అని మొదలుపెడితే ఆయన తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతారు, మాట దారి తప్పుతుంది. దానికి బదులు మీకు ఏం కావాలో చెప్పండి: "ఏమండీ, ఈ పని పూర్తయ్యే దాకా మేస్త్రి మీకు ఫోను చేస్తే, అమ్మతో మాట్లాడు అని ఒక్క మాట అని పెట్టేయండి. డబ్బు నా చేతుల మీదుగానే ఇద్దాం. నేను చూసి, అయింది అన్న పనికే ఇద్దాం." ఆయన ఒప్పుకుంటే ఆదివారం మేస్త్రిని పిలిపించి, మీ ఇద్దరి ముందు ఆయన నోటితోనే ఆ మాట చెప్పించండి. మీరు చెప్పే వంద మాటల కంటే ఆ ఒక్క మాట ఎక్కువ పని చేస్తుంది. ఒక ఆడమనిషి మాటకు విలువ రావడానికి భర్త నోటి మాట కావలసి రావడం నాకూ బాధగానే ఉంది. కానీ సంక్రాంతి లోపల లోకాన్ని మార్చలేం, మీ ఇంటి పని పద్ధతిని మార్చగలం.

బేల్దారి పనిలో శనివారం బట్వాడా సంగతి మీకు తెలిసే ఉంటుంది. మేస్త్రి తన కింది కూలీలకు వారం డబ్బులు ఆ సాయంత్రమే పంచాలి, కాబట్టి వారం మొత్తంలో అతను మీ మాట శ్రద్ధగా వినే సమయం అదే. ముందుగా పెద్ద మొత్తం అడ్వాన్సు తీసుకున్న మేస్త్రి ఆ డబ్బుతో ఇంకో ఇంటి పని మొదలుపెట్టి, రెండు మూడు ఇళ్ల మధ్య మనుషులను తిప్పుతుంటాడు. మీ ఇంటికి ఒకరోజు వచ్చి మూడు రోజులు రాకపోవడానికి చాలా మటుకు కారణం అదే అయి ఉంటుంది. అతనేమీ దుర్మార్గుడు కాకపోవచ్చు. ఒక ఇంటి పని అయ్యే దాకా ఇంకోటి ఒప్పుకోకపోతే మధ్యలో పని దొరకని రోజులుంటాయన్న భయం అతనిది. అయితే ఆ భయానికి మీ ఇల్లు మూల్యం చెల్లించనక్కరలేదు. మిగిలిన డబ్బును మిగిలిన పనుల మధ్య విడగొట్టండి. స్నానాల గది లీకు పని నిలబడ్డాక ఇంత, హాలు టైల్సు పూర్తయ్యాక ఇంత, వంటింటి గట్టు కూర్చున్నాక ఇంత, రంగులయ్యాక ఇంత అని ఒక పుస్తకంలో రాసి, మేస్త్రి చేత సంతకం పెట్టించండి. అందులోనే ఏ రోజు ఎవరు వచ్చారు, ఎన్ని సిమెంటు బస్తాలు, ఎన్ని పెట్టెల టైల్సు వాడారు అని రోజూ నాలుగు ముక్కలు రాసుకోండి. కోపంలో పాత సంగతులు తవ్వుకోవలసిన అవసరం ఆ పుస్తకం తప్పిస్తుంది.

ఇక్కడ మేస్త్రి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఎవరూ రాని ప్రతి రోజూ ఎగ్గొట్టిన రోజు కాదు. కొత్తగా పూసిన సిమెంటును కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి, ఆ తరువాత అది ఆరాలి. తడి గోడ మీద లప్పం పెడితే పెచ్చులుగా ఊడిపోతుంది. టైల్సు వేశాక కనీసం ఒక రోజు వాటి మీద నడవకుండా ఉండి, తరువాతే సందులు నింపాలి. స్నానాల గదిలో నీరు దిగకుండా వేసే పూత ఒక్కొక్క కోటూ విడివిడిగా ఆరాలి. పైగా మీరు పని మొదలుపెట్టింది దసరా తరువాత. మన నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, ఆ చెమ్మలో ఏదీ తొందరగా ఆరదు. 20 రోజుల్లో ఇదంతా అవుతుందని చెప్పడమే మేస్త్రి చేసిన మొదటి తప్పు. కాబట్టి "ఎందుకు రాలేదు" అని అడగడం మానేసి, "ఈ వారంలో ఏ రోజు ఏం చేస్తావు, ఏ రోజులు ఆరబెట్టడానికి వదులుతావు" అని ఆదివారమే అడిగి రాయించుకోండి. అప్పుడు రాని రోజుల్లో ఏది న్యాయమో ఏది కాదో మీకే తెలుస్తుంది. న్యాయమైన రోజున మీరు ఎదురుచూపు మాని హాయిగా తలంటు పోసుకోవచ్చు.

ఇంటి లోపలి సంగతికి వస్తాను. తన ఇంట్లో తాను తెల్లవారుజామున దొంగలా స్నానం చేయవలసి వచ్చిన మనిషికి ఇల్లు పరాయిదనిపించడంలో వింత లేదు. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో పైకప్పు మరమ్మతు జరిగినప్పుడు నేను మధ్యాహ్నం అన్నం కంచం పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని తినేదాన్ని. అంతమంది మగవాళ్లు తిరుగుతుంటే ముద్ద దిగేది కాదు. ఆ తరువాత ఒక గదిని పూర్తిగా మాది చేసుకున్నాం. ఎంత అవసరమైనా పనివాళ్లు ఆ గది గడప తొక్కరు. మీరూ కింద ఒక గదిని అలా ఉంచుకోండి. లోపలి గడియ, కిటికీకి మందపాటి తెర, తలుపు కింది సందులో తడి గుడ్డ, లోపల ఒక మంచం, అమ్మాయి పుస్తకాలు, మీ బట్టలు, నగలు దాచే బీరువా ఉంటే చాలు. ఆ గదికి చివరి వారం దాకా రంగులు వేయించకండి. పనివేళలు పొద్దున 9 నుంచి సాయంత్రం 5.30 వరకు అని ఖాయం చేసి, ఆ వేళకు ముందు వచ్చినవారిని వసారాలోనే కూర్చోమనండి. అప్పుడు మీరు 6 గంటలకు లేచినా స్నానానికి తొందర ఉండదు.

మిమ్మల్ని అదేపనిగా చూస్తున్న మనిషి విషయంలో మాత్రం సర్దుకుపోవడమన్నది లేదు. అతను తప్పు చేశాడని మీరు రుజువు చేయనక్కరలేదు, అతనితో మాట్లాడనూ అక్కరలేదు. "రేపటి నుంచి ఆ మనిషిని మా ఇంటికి పంపవద్దు" అని మేస్త్రికి చెప్పండి. కారణం అడిగితే "నాకు ఇబ్బందిగా ఉంది" అన్న మాట చాలు. పని నాలుగు రోజులు వెనకపడినా సరే. ఎవరైనా హద్దు మీరితే 112కు ఫోను చేయడానికి సందేహించకండి. ఎదిగే అమ్మాయి ఉన్న ఇంట్లో ఈ విషయం మీవారికి కూడా దాచకుండా చెప్పాలి.

అత్తమ్మగారి ఉబ్బసం నన్ను కలవరపెడుతోంది. టైల్సు కోసేటప్పుడు, లప్పం మీద ఎమెరీ పేపరు కొట్టేటప్పుడు లేచే దుమ్ము మామూలు ఇంటి దుమ్ము కాదు. టైల్సులోనూ సిమెంటు, ఇసుకలోనూ ఉండే సిలికా కంటికి కనిపించనంత సన్నగా గాలిలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది వెంటనే ఆయాసం తెస్తుంది. ఏళ్ల తరబడి పీల్చే పనివాళ్లకు నయం కాని ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. కోత మిషను ఇంటి లోపల తిప్పనివ్వకండి. బయట, నీళ్లు పోస్తూ కోయమనండి. ఇది మీ దేవుడి గదికి ఎంత మేలో, మిషను పట్టుకున్న మనిషికి అంతకంటే ఎక్కువ మేలు. ముక్కుకు మంచి మాస్కులు మీరే ఒక అరడజను కొని ఇవ్వండి. రంగులు, ఎమెరీ పనులు జరిగే పది, పన్నెండు రోజులు అత్తమ్మగారిని మీ ఆడబిడ్డగారి ఇంట్లోనో, దగ్గరి చుట్టాల ఇంట్లోనో ఉంచగలిగితే అన్నిటికంటే మంచిది. పంపేయడంలా వినిపించకుండా, ఆ మాట మీవారు చెబితే బాగుంటుంది. ఆమె వాడే ఇన్హేలరు, డాక్టరు చీటీ వెంట పంపడం మరవకండి. అమ్మాయికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. బడి అయ్యాక రెండు గంటలు ఒక స్నేహితురాలి ఇంట్లో చదువుకునే వీలు చూడండి.

గ్లాసుల సంగతిలో మీకు కలిగిన సిగ్గు మీ మంచితనమే. ఇంటిల్లిపాదీ తాగే స్టీలు గ్లాసుల్లోనే పనివాళ్లకూ టీ ఇవ్వండి. విడిగా ఒక వరుస గ్లాసులు కొనడం కూడా వద్దు, అదీ పాత అంటరానితనమే. అత్తమ్మగారితో వాదం పెట్టుకుని గెలవలేరు, ఆ వయసులో ఆమె అలవాటు ఒక్క మాటతో పోదు కూడా. "కడిగే పని నాది అత్తమ్మా, మీరు శ్రమ పడకండి" అని మెల్లగా చెప్పి మీ పని మీరు చేయండి. మన ఇంటి నేలను మోకాళ్ల మీద కూర్చుని పరిచే మనుషులు వాళ్లు. తాగడానికి నీళ్లు, పోవడానికి ఒక మరుగుదొడ్డి ఎక్కడో మొదటి రోజే చూపించాలి. కూలీలలో ఆడవాళ్లుంటే వాళ్లు అడగలేక పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటారని చాలామంది గమనించరు.

మీరు అరిచిన కూలి మనిషి గురించి. మీ కోపం అతని మీద కాదు, దొరికినవాడు అతను. మళ్లీ పనికి వచ్చినప్పుడు అందరి ముందూ పెద్దగా చెప్పనక్కరలేదు. టీ ఇచ్చేటప్పుడు "మొన్న నిన్ను అనరాని మాటలు అన్నాను, మనసులో పెట్టుకోవద్దు" అంటే సరిపోతుంది. మారు మాట్లాడకుండా చీపురు తీసుకున్న మనిషి ఆ మాటను అర్థం చేసుకుంటాడు. ఆ రాత్రి నుంచి మీరు మోస్తున్న బరువు కూడా కొంత దిగుతుంది. ఇక ముందు దుమ్ము, మరకలు, ఆలస్యం ఏదైనా మేస్త్రికే చెప్పండి, అదీ సాయంత్రం పని ముగిసే ముందు పది నిమిషాలు నిలబడి. రోజంతా వెనక తిరుగుతూ చెబితే వాళ్లు వినడం మానేస్తారు, మీరు అలసిపోతారు. అయినా ఏడుపు రోజూ వస్తూ, రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే దాన్ని ఇంటి పని ఖాతాలో వేసి వదిలేయకండి. డాక్టరును కలవండి, లేదా 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ, ఖర్చేమీ ఉండదు, తెలుగులో మాట్లాడవచ్చు.

సంక్రాంతికి వచ్చే మీ ఆడబిడ్డగారికి ఈ వారమే ఫోను చేసి, ఏ గదులు సిద్ధంగా ఉంటాయో, ఏవి ఉండవో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గోడలకు ఆఖరి కోటు పడకపోయినా ఇంటి ముందు ముగ్గు పడుతుంది, అరిసెలు వండుకోవచ్చు. హాలు టైల్సు, ఒక స్నానాల గది, వంటింటి గట్టు ఈ మూడూ పండుగకు ముందు కావాలని మేస్త్రితో తేల్చుకుని, రంగులు కనుమ దాటాక వేయించుకోండి. పై స్నానాల గదిలో మాత్రం పండుగ పేరుతో ఎవరు తొందర పెట్టినా ఒప్పుకోకండి. పూత ఆరాక నీళ్లు పోయే జాలీని మూసి, నేల మీద నీళ్లు నింపి, కనీసం ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉంచి, కింది పడక గది కప్పును మీ చేత్తో తాకి చూసి, పొడిగా ఉందని మీకు నమ్మకం కుదిరాకే అక్కడ మొదటి టైలు వేయనివ్వండి.